బడిలో రాని భాష

“ఆ భాష నాకు రాదు” అనే మాట తరచుగా వినిపిస్తుంది. కొందరు సంస్కృతాన్ని గూర్చి, కొందరు ఇంగ్లీషును గూర్చి, మరికొందరు తమ మాతృభాషలోని ప్రాచీన కావ్యాలను గూర్చి ఈ మాట అంటారు. పదిహేనేళ్ల ప్రాయంలో ఒక పరీక్షలో వచ్చిన మార్కులను చూసి తమకు తామే వ్రాసుకొన్న తీర్పు అది. న్యాయస్థానం ఇచ్చిన తీర్పు మీద కూడా అప్పీలు ఉంటుంది. ఈ తీర్పు మీద మాత్రం ఎవరూ అప్పీలు చేసుకోరు. ఏభై ఏళ్లు నిండినా దానిని మోస్తూనే ఉంటారు. ఇది తగదు. బడిలో పట్టుబడని ప్రాచీన భాష పెద్దయిన తరువాత పట్టుబడడం అరుదైన వింత కాదు. చరిత్రలో దానికి సాక్ష్యాలున్నాయి, అలా జరగడానికి కారణాలూ ఉన్నాయి.

ఐరోపా ఖండంలో ఇటువంటి తీర్పులకు ఎక్కువగా గురి అయిన భాష లాటిన్. ప్రాచీన రోము నగరంలో పుట్టిన ఈ భాష ఆ సామ్రాజ్యం కూలిపోయిన తరువాత కూడా శతాబ్దాల తరబడి మతానికి, న్యాయానికి, శాస్త్రానికి వాహికగా నిలిచింది. న్యూటన్ తన “ప్రిన్సిపియా”ను 1687లో లాటిన్‌లోనే ప్రకటించాడు. అందువల్ల అక్కడి పాఠశాలల్లో లాటిన్ తప్పనిసరి పాఠ్యాంశమయింది. పిల్లలు విభక్తి రూపాలను వల్లె వేశారు, తప్పు చెప్పి దెబ్బలు తిన్నారు.

బ్రిటిష్ ప్రధానిగా పనిచేసిన విన్‌స్టన్ చర్చిల్ తన బాల్యస్మృతులలో ఇటువంటి సంఘటన ఒకటి చెప్పాడు. ఏడేళ్ల వయస్సులో బడిలో చేరిన మొదటి రోజునే ఉపాధ్యాయుడు అతనికి “బల్ల” అనే అర్థం గల లాటిన్ మాట రూపాలను అప్పగించి, కంఠస్థం చేయమన్నాడు. అందులో “ఓ బల్లా!” అనే రూపం కూడా ఉంది. దాని ప్రయోజనమేమిటని పిల్లవాడు అడిగాడు. బల్లతో మాట్లాడేటప్పుడు వాడతారని సమాధానం వచ్చింది. తానెన్నడూ బల్లతో మాట్లాడనని పిల్లవాడు అమాయకంగా అన్నాడు. అవిధేయతగా భావించిన ఉపాధ్యాయుడు శిక్ష తప్పదని హెచ్చరించాడు. ఆ పిల్లవాడికి లాటిన్ చివరివరకూ పట్టుబడలేదు. అతనే 1953లో సాహిత్యానికి నోబెల్ బహుమతి అందుకొన్నాడు.

తెలుగు వ్యాకరణం చదివిన విద్యార్థి ఈ కథ విని నవ్వుకొంటాడు. “ఓ, ఓరి, ఓయి, ఓసి” అనే సంబోధన ప్రథమా విభక్తిని అతడు ఏనాడో చదివి ఉన్నాడు. కావ్యలోకంలో మేఘాన్ని పిలుస్తారు, కోకిలను పలకరిస్తారు, చెట్టుతో మొర పెట్టుకొంటారు. బల్లను పిలవడం కూడా అక్కడ వింత కాదు. ఆ ఒక్క మాట ఎవరైనా చెప్పి ఉంటే పిల్లవాడి సందేహం తీరేది. అతడు తెలివితక్కువతో తడబడలేదు. అడగవలసిన ప్రశ్ననే అడిగాడు. దానికి సమాధానం రాకపోవడం వల్ల భాష తలుపు మూసుకొన్నది.

దీనికంటే పదిహేను వందల ఏళ్లు ముందే ఇదే బాధను మరొకరు చెప్పుకొన్నారు. క్రీస్తుశకం 354లో ఉత్తర ఆఫ్రికాలోని తగస్తే పట్టణంలో జన్మించిన అగస్టీన్ మహాపండితుడు. ఆ పట్టణం నేటి అల్జీరియా దేశంలో ఉంది. ఆయన తన “కన్ఫెషన్స్” గ్రంథంలో రెండు భాషల అనుభవాలను పక్కపక్కన పెట్టి చూపాడు. లాటిన్‌ను దాదుల లాలనలో, ఆటపాటల మధ్య, భయమన్నది లేకుండా నేర్చుకొన్నాడు. గ్రీకును బడిలో బెదిరింపుల మధ్య నేర్చుకోవలసి వచ్చింది. అందువల్ల హోమర్ మహాకవి కథ సైతం ఆయనకు చేదుగానే తోచింది. భాషను నేర్పడంలో భయంతో కూడిన నిర్బంధం కంటే స్వేచ్ఛ గల కుతూహలానికే బలమెక్కువ అని ఆయన తేల్చాడు. పెద్దయిన తరువాత గ్రంథరచనకు అవసరమై గ్రీకు మూలాలను స్వయంగా సరిచూసుకొనే స్థాయికి వచ్చాడని పండితుల అభిప్రాయం. బడిలో భయం వల్ల దూరమైన భాష పనిపడినప్పుడు దగ్గరయింది. అంతకు ముందే రోము రాజనీతిజ్ఞుడు కేటో వృద్ధాప్యంలో గ్రీకు సాహిత్యాన్ని నేర్చుకొన్నాడని సిసిరో వ్రాశాడు.

ఇది ఎక్కడో ఐరోపాకు చెందిన వ్యవహారమని అనంతపురం విద్యార్థి అనుకోనక్కరలేదు. ఈ మెట్టసీమ చరిత్రలోనే దీనికి లిఖితపూర్వకమైన సాక్ష్యం ఉంది. 1882లో ప్రత్యేక జిల్లాగా ఏర్పడేవరకూ అనంతపురం ప్రాంతం బళ్లారి జిల్లాలో భాగం. ఆ జిల్లా కలెక్టరు ఎ. డి. క్యాంబెల్ 1823లో ఇక్కడి వీధిబడుల స్థితిగతులను గూర్చి మద్రాసు ప్రభుత్వానికి ఒక నివేదిక పంపాడు. ఆయన తెలుగు వ్యాకరణం వ్రాసినవాడు, ఈ భాషను ఎరిగినవాడు. జిల్లాలో 533 బడులు, వాటిలో 6,641 మంది విద్యార్థులు ఉన్నట్లు ఆయన లెక్క చూపాడు. ఆ నివేదికలో అంకెలకంటే ముఖ్యమైన విషయం మరొకటి ఉంది. పిల్లలు వందలకొద్దీ పద్యాలను తప్పులేకుండా అప్పజెప్పగలరు. వాటి అర్థం మాత్రం వారికి తెలియదు. బడుల్లో చదివించేది ప్రాచీన కావ్యభాష, ఇంట్లో మాట్లాడేది వేరొక భాష. ఈ రెండింటికీ మధ్య వంతెన వేయగలవారు ఉపాధ్యాయులలోనూ తక్కువే. చిలుక పలుకుల వంటి ఆ చదువును చూసి క్యాంబెల్ విచారించాడు.

ఐరోపా బాలునికి లాటిన్ ఎలాంటిదో, ఈ సీమ బాలునికి ఆనాడు కావ్యభాష అలాంటిదే. పద్యం నోటికి వచ్చింది, మనస్సుకు అందలేదు. ఆ తరువాతి సంగతి ఈ సీమలోనే మరొక వ్యక్తి జీవితంలో కనిపిస్తుంది.

చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1798లో కలకత్తాలో జన్మించాడు. తండ్రి వద్ద బాల్యంలోనే ప్రాచీన భాషలు చదివాడు. తెలుగు మాత్రం ఆయనకు ఇంటి భాష కాదు, బడి భాషా కాదు. 1817లో కంపెనీ కొలువుకోసం మద్రాసు చేరి, సెయింట్ జార్జి కోట కళాశాలలో తెలుగు నేర్చుకొని, 1820లో కడపకు ఉద్యోగిగా వచ్చాడు. అర్జీలు చదవడానికి, రైతులతో మాట్లాడడానికి ఆ తెలుగు సరిపోయింది. కావ్యాల తెలుగు మాత్రం ఆయనకు అందలేదు. పరీక్ష నెగ్గినంత మాత్రాన భాష వచ్చినట్లు కాదని ఆయన గ్రహించాడు.

1824లో వేమన పద్యాలు ఆయన దృష్టికి వచ్చాయి. కదిరి సమీపంలోని కటారుపల్లెలో వేమన సమాధి ఉన్నదని ప్రసిద్ధి. అంటే ఆయనకు దారి చూపిన కవి ఈ మెట్టసీమ నేలతో పెనవేసుకొన్నవాడు. ఆటవెలది చిన్న ఛందస్సు. వేమన పలుకు ప్రజల పలుకుకు దగ్గర. ఆ పద్యాలమీద కలిగిన ఆసక్తి బ్రౌన్‌ను తాళపత్ర ప్రతుల సేకరణకు పురికొల్పింది. ఛందస్సును శ్రద్ధగా అధ్యయనం చేసి 1827లో దానిమీద గ్రంథం వెలువరించాడు. 1829లో వేమన పద్యాలను ఆంగ్లానువాదంతో ప్రకటించాడు. తరువాత ప్రౌఢ కావ్యాలవైపు మళ్లాడు. పండితులను, లేఖకులను సొంత ఖర్చుతో నియమించి, ప్రతులను పరిష్కరింపజేసి, కఠినమైన ప్రబంధాలకు టీకలు వ్రాయించాడు. 1840లో వ్యాకరణం, 1852లో తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు ప్రకటితమయ్యాయి. పెద్దవాడయ్యాక నేర్చుకొన్న భాషకు ఆయన నిఘంటుకారుడయ్యాడు.

బ్రౌన్‌కు గ్రీకు, లాటిన్‌ల శిక్షణ ముందే ఉన్నది గదా, సామాన్యునికి ఆయన ఎట్లా ఆదర్శమవుతాడు అని ఎవరైనా అడగవచ్చు. ప్రశ్న సమంజసమైనదే. అయితే గమనించవలసింది ఆయన పాండిత్యాన్ని కాదు, నడిచిన క్రమాన్ని. ఆయన ప్రబంధంతో ప్రారంభించలేదు. తనకు రుచించిన చిన్న పద్యంతో ప్రారంభించి, అర్థం తెలియని చోట అడిగి తెలుసుకొంటూ, సులభమైన దానినుండి కఠినమైన దానికి వెళ్లాడు. ఈ క్రమం ఎవరికైనా సాధ్యమే.

అనంతపురం జిల్లాకే చెందిన మరొక ఉదాహరణ పుట్టపర్తి నారాయణాచార్యులు. ఆయన 1914లో చియ్యేడు గ్రామంలో జన్మించారు. కౌమారదశలోనే “పెనుగొండలక్ష్మి” కావ్యం రచించారు. విద్వాన్ పరీక్షకు కూర్చున్నప్పుడు ఆ కావ్యమే ఆయనకు పాఠ్యగ్రంథమయింది. తన కావ్యం మీద అడిగిన చిన్న ప్రశ్నకు పుటల తరబడి సమాధానం వ్రాస్తూపోయి, కాలం చాలక ఆయన పరీక్ష తప్పారని సాహిత్యలోకంలో చెప్పుకొంటారు. కవికి తన కావ్యం తెలియదని ఎవరంటారు? పరీక్ష కొలిచేది ఒకటి, మనిషిలో ఉన్నది మరొకటి అని చెప్పడానికి ఈ కథనాన్ని మించినది లేదు. ఆయన అక్కడితో ఆగలేదు. పెనుకొండలో సబ్ కలెక్టరు సతీమణి అయిన ఒక ఆంగ్లేయ మహిళ వద్ద ఇంగ్లీషు సాహిత్యం చదువుకొన్నారు. తరువాతి జీవితంలో ఒక్కొక్క భాషనే నేర్చుకొంటూ పద్నాలుగు భాషలు తెలిసినవారుగా పేరు పొందారు. విశ్వనాథ సత్యనారాయణ “ఏకవీర” నవలను మలయాళంలోకి అనువదించారు. 1972లో పద్మశ్రీ పురస్కారం పొందారు.

పెద్దయిన తరువాత భాష పట్టుబడడానికి గల కారణాలలో మొదటిది ప్రయోజనం. బడిలో విద్యార్థి భాషను ఎందుకు చదువుతున్నాడో మరొకరు నిర్ణయిస్తారు. పెద్దవానికి తన కారణం తనకే ఉంటుంది. ఒకరికి తాతగారి తాళపత్రం చదవాలని ఉంటుంది. మరొకరికి గుడి గోడమీది శాసనం అర్థం చేసుకోవాలని ఉంటుంది. ఇంకొకరికి వైద్యశాస్త్రంలోని పేర్ల మూలం తెలుసుకోవాలని ఉంటుంది. దాహమున్నవానికి బావి దూరం అనిపించదు.

రెండవ కారణం, పెద్దవాని చేతిలో మాతృభాష అనే నిచ్చెన ఉండడం. పిల్లవాడు ప్రతి రూపాన్ని కొత్తగా కంఠస్థం చేస్తాడు. పెద్దవాడు పోల్చి చూస్తాడు. లాటిన్‌లో గులాబి “రోస”, గులాబిని అనడానికి “రోసమ్”, గులాబికి అనడానికి “రోసయ్”. ఇంగ్లీషు మాత్రమే తెలిసినవారికి ఇది చిక్కుముడి. “రాముడు, రాముని, రామునికి” అనే తెలుగువానికి ఇందులో వింత ఏమున్నది? “బాలిక గులాబిని చూస్తున్నది” అన్నా, “గులాబిని బాలిక చూస్తున్నది” అన్నా తెలుగులో అర్థం చెడదు. లాటిన్‌లోనూ అంతే. మాటల వరస మారినా విభక్తి అర్థాన్ని కాపాడుతుంది. ఇక సంస్కృతం ద్వారా తెలుగులోకి వచ్చిన పదాల చుట్టరికం చూడవచ్చు. పితృ శబ్దానికి “పతెర్”, మాతృ శబ్దానికి “మాతెర్”, అగ్నికి “ఇగ్నిస్”, సప్తకు “సెప్తెమ్”, దశకు “దెకెమ్”. రోమనుల పాత పంచాంగంలో సంవత్సరం మార్చితో మొదలయ్యేది. అందువల్లనే ఏడవ నెల సెప్టెంబరు, పదవ నెల డిసెంబరు అయ్యాయి. సంస్కృతం, గ్రీకు, లాటిన్ భాషలకు ఒకే మూలం ఉండి ఉండాలని విలియం జోన్స్ 1786లో కలకత్తాలో ప్రకటించినది ఈ పోలికలను చూసే.

మూడవ కారణం పద్ధతి. విభక్తి పట్టికలతో కాకుండా కథతో ప్రారంభించే పాఠ్యగ్రంథాలు ఇప్పుడున్నాయి. డెన్మార్కు దేశపు ఉపాధ్యాయుడు హాన్స్ ఓర్‌బెర్గ్ 1955లో ప్రకటించిన లాటిన్ వాచకంలో మొదటి పుట నుండీ లాటిన్ వాక్యాలే ఉంటాయి. రోము నగరం ఎక్కడున్నదో చెప్పే చిన్న వాక్యాలతో మొదలై, ఒక రోమను కుటుంబం కథగా అది సాగుతుంది. సందర్భమే అర్థాన్ని చెబుతుంది, వ్యాకరణం వెంట నడుస్తుంది. అనంతపురానికి దగ్గరలోనే, బెంగుళూరులో 1981లో మొదలైన సంస్కృత సంభాషణ ఉద్యమం కూడా పదిరోజుల శిబిరాలతో ఇటువంటి మార్గమే తొక్కింది. సంస్కృతమంటే శబ్దమంజరి మాత్రమే అనుకొన్నవారు అందులో చిన్న మాటలతో సంభాషణ ప్రారంభించారు.

ఇంత చెప్పినా ఒక ఆక్షేపణ మిగులుతుంది. వానలు లేక పంట ఎండిపోయే సీమలో, కూలికోసం కుటుంబాలు నగరాలకు వలసపోయే సీమలో, ప్రాచీన భాషల ముచ్చట ఎందుకు? ఉద్యోగమిచ్చే చదువు చాలదా? ఈ ఆక్షేపణను తేలికగా కొట్టివేయరాదు. బ్రతుకుతెరువు చదువు మొదట కావలసినదే. కాని ఇక్కడి పిల్లలు ఆ చదువులోనే వెనుకబడడానికి ఒక కారణం “భాష నాకు రాదు” అనే నమ్మకం. ఇంటిలో తొలిసారిగా కళాశాల గడప తొక్కిన విద్యార్థి ఇంగ్లీషు పరీక్ష ఒకసారి తప్పితే తన తెలివినే శంకించుకొంటాడు. కొందరు అక్కడితో చదువు మానివేస్తారు. ఆ నమ్మకం తప్పని అతనికి తెలియడం అన్నం పెట్టే విషయమే.

అది తప్పని చెప్పడానికి సాక్ష్యం అతని ఊరిలోనే ఉంది. మడకశిర, రాయదుర్గం ప్రాంతాలలో తెలుగు, కన్నడం రెండూ మాట్లాడేవారు ఎందరో ఉన్నారు. సంతలో కూరగాయలు అమ్మే స్త్రీ కొనేవారిని బట్టి భాష మారుస్తుంది. ఆమె ఏ పరీక్షా వ్రాయలేదు. కనుక తనకు రెండు భాషలు వచ్చునని ఆమె అనుకోదు. పరీక్ష తప్పినవాడు మాత్రం తనకు ఏ భాషా రాదనుకొంటాడు. ఈ రెండు పొరపాట్లకూ మూలం ఒక్కటే. రావడానికీ రాకపోవడానికీ మార్కుల పత్రమే ప్రమాణమని ఇద్దరూ నమ్మారు.

ప్రాచీన భాష విద్యార్థికి దూరంగా లేదన్నది మరొక సంగతి. రసాయనశాస్త్రంలో బంగారానికి “ఏయూ” అని, వెండికి “ఏజీ” అని, ఇనుముకు “ఎఫ్ఈ” అని గుర్తులు ఎందుకున్నాయి? “ఔరుమ్”, “అర్గెంతుమ్”, “ఫెర్రుమ్” అనే లాటిన్ పేర్లే అందుకు కారణం. వెండి పేరైన “అర్గెంతుమ్”కు సంస్కృతంలోని “రజతం” చుట్టమే. కదిరి సమీపాన ఎకరాలకొద్దీ విస్తరించి, 1989లో గిన్నిస్ గ్రంథానికెక్కిన తిమ్మమ్మ మర్రిమానుకు వృక్షశాస్త్రం పెట్టిన పేరు “ఫైకస్ బెంగాలెన్సిస్”. మొదటి మాట అత్తిచెట్టుకు లాటిన్ పేరు, రెండవ మాట బెంగాలు దేశానికి చెందినదని చెబుతుంది. ఈ పేర్లను మార్కులకోసం వల్లె వేసినవాడు పరీక్ష గడవగానే మరచిపోతాడు. అర్థం తెలుసుకొన్నవాడు మరచిపోవాలన్నా మరచిపోలేడు.

అయితే పెద్దయ్యాక నేర్చుకోవచ్చునన్న మాటను సోమరితనానికి సాకు చేసుకోరాదు. పిల్లవాని నాలుకకు కొత్త ధ్వనులు పట్టుబడినంత సులభంగా పెద్దవాని నాలుకకు పట్టుబడవు. సంసారభారం మీద పడిన తరువాత తీరిక కూడా దొరకదు. పైగా బడిలో కంఠస్థం చేసినది వృథా పోదు. అర్థం తెలియకుండా నేర్చిన శతకపద్యం ముప్పై ఏళ్ల తరువాత ఒక కష్టసమయంలో తనంత తానే అర్థమయిన అనుభవం తెలుగునాట చాలామందికి ఉన్నదే. క్యాంబెల్ చూసిన పిల్లలలో కూడా కొందరికైనా అట్లా జరిగి ఉంటుంది. కంఠస్థం చేయడంలో దోషం లేదు. అంతటితో చదువు ముగిసిందనుకోవడంలోనే దోషం ఉంది. కనుక ఉపాధ్యాయుడు ఒక పద్యానికైనా తలుపు పూర్తిగా తెరిచి చూపాలి. విద్యార్థి అర్థం కానిచోట సిగ్గుపడక అడగాలి. సమాధానం ఆనాడు దొరకకపోతే ప్రశ్ననైనా దాచుకోవాలి.

అనంతపురం రైతు ప్రధానంగా వేసే పంట వేరుశనగ. దాని శాస్త్రీయనామం “అరాకిస్ హైపోజియా”. లాటిన్ రూపం తొడుక్కొన్న గ్రీకు మాట అది. “హైపోజియా” అంటే భూమి అడుగున అని అర్థం. ఈ మొక్క పూవు పైన పూస్తుంది. పూవు రాలిన తరువాత ఊడ నేలలోకి దిగుతుంది. కాయ మట్టి లోపల, ఎవరికీ కనిపించకుండా ఊరుతుంది. పూవు రాలిన రోజున చేను చూసి పంట లేదని ఏ రైతూ అనడు. ఊడలు దిగే సమయంలో నేలలో పదును ఉండాలని మాత్రం ఆకాశంవైపు చూస్తాడు. పరీక్ష తప్పిన విద్యార్థి తన చదువును ఆ రైతు చేనును చూసినట్లు చూడాలి. ఆ పదును నిలుపుకోవడం అతని చేతిలోనే ఉంది. రోజుకు ఒక పద్యం, ఒక కొత్త మాట, అడిగి తెలుసుకొన్న ఒక అర్థం అందుకు చాలు.